రేపటికి ఎన్ని టోకెన్లు?

మే 4

చిత్తూరు శివార్లలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు, కంప్యూటరు పని నాది. తిరుపతిలో ఎంసీఏ ముగించుకుని ఇక్కడ చేరాక ఇది ఐదో సీజన్. నిన్న సార్ పిలిచి ఈసారికి "ఏదైనా ఒక సిస్టం" తయారు చేయమన్నారు. దేనికి సార్ అంటే, "అన్నీ కంప్యూటర్లో కనపడాలమ్మా" అన్నారు.

అన్నీ అంటే ఏవో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. సరేనన్నాను. 2025 సీజన్ ఇంకా నా కళ్ల ముందు నుంచి పోలేదు. ఆ ఏడు తోతాపురి విరగకాసి ధర పడిపోయింది. రైతుకు కిలోకు 12 రూపాయలు అందాలని, అందులో ఫ్యాక్టరీలు 8 ఇస్తే తాను 4 కలుపుతానని ప్రభుత్వం చెప్పింది. ధర సంగతి అటుంచితే, జిల్లాలో ఫ్యాక్టరీల ముందు కాయ ట్రాక్టర్లు కిలోమీటర్ల పొడవున నిలబడిపోయాయి. మా గేటు దగ్గర తవణంపల్లె వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన రెండు రాత్రులు ట్రాలీ కిందే పడుకున్నాడు. మూడో రోజు తూకానికి వచ్చేసరికి పైవరుస కాయ వాడింది, అడుగు వరుస కారడం మొదలైంది. "టోకెన్ ఇచ్చింది మీరే కదమ్మా, రమ్మనింది మీరే కదా" అని నన్ను అడిగాడు. ఆ టోకెన్, అంటే ఫలానా రోజు కాయ తెమ్మని ఇచ్చే చీటీ, కంప్యూటర్లో కొట్టింది నేనే.

ఆ రోజు అన్ని టోకెన్లు ఎందుకిచ్చాం? ఎవరు, ఏం చూసి ఇచ్చారు? ప్రాజెక్టు ఈ ప్రశ్నతో మొదలుపెడుతున్నాను.

మే 8

కంప్యూటర్ తెరవలేదు. నాలుగు రోజులుగా నోటుబుక్కు పట్టుకుని అందరినీ ఒకటే అడుగుతున్నాను: సీజన్లో మీరు రోజూ ఏ నిర్ణయం తీసుకోవాలి? దానికి ముందు ఏం చూసుకుంటారు?

బండ్లు తూచే వేబ్రిడ్జి దగ్గరి తమ్ముడు తనకు నిర్ణయాలేమీ లేవన్నాడు. నిజమే. నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసేస్తే కాయ తూకం. అందులో ఆలోచించేది ఏమీ లేదు, మిషను చేసేస్తుంది. సార్‌ను అడిగితే ఈ ఏడు ఎంత గుజ్జు డ్రమ్ముల్లో నింపాలి, ఎంత డబ్బాల్లో నింపాలి, ఏ కొనుగోలుదారుకు ఏ ధరకు మాట ఇవ్వాలి అని మొదలుపెట్టారు. వాటిల్లో సగం ఫోన్లలో తేలేవి, మనిషి మీది నమ్మకంతో తేలేవి. లెక్కలో ఇమడవు.

ఈ రెండింటికీ నడుమ టోకెన్ల సూపర్‌వైజర్ అన్న ఉన్నాడు. రోజూ సాయంత్రం 5 గంటలకు రేపటికి ఎన్ని ట్రాక్టర్లు రమ్మనాలో ఆయన చెప్పాలి. "ఏం చూసి చెప్తావన్నా?" అంటే గేటు వైపు చెయ్యి చూపించాడు. "బండ్లు ఎక్కువ ఉంటే తక్కువ ఇస్తా, గేటు ఖాళీగా ఉంటే ఎక్కువ ఇస్తా. ఇంగేముంటాదిమ్మా."

1971లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన గోరీ, స్కాట్ మార్టన్ అనే ఇద్దరు సంస్థల్లోని నిర్ణయాలను ఇలాగే విడదీసి చూపించారు. పూర్తిగా నియమాలకు లొంగేవి ఒక కొస, బొత్తిగా లొంగనివి ఇంకో కొస, సగం లెక్కకు, సగం మనిషి తెలివికి చెందేవి మధ్యలో. ఆ మధ్యవాటికే కంప్యూటరు మనిషి పక్కన కూర్చుని సాయం చేయగలదన్నది వాళ్ల మాట. పరీక్షలో రాసినప్పుడు నాకు అది ఒక పట్టిక, అంతే. ఇప్పుడు సూపర్‌వైజర్ అన్న చూపించిన గేటు అందులో మధ్య గడిలో కనిపిస్తోంది.

ప్రాజెక్టు హద్దు గీశాను: టోకెన్లు ఒక్కటే. మిగతావి తర్వాత.

మే 13

వేబ్రిడ్జి కంప్యూటర్లో మూడు సీజన్ల డేటా ఉంది. రైతు పేరు, ఊరు, బండి నంబరు, రకం, రెండు తూకాలు, తేదీ, సమయం. తూకానికి వచ్చిన ప్రతి బండీ అందులో ఉంది. చూసినప్పుడు సంతోషం వేసింది, పని సగం అయిపోయినట్టే అనుకున్నాను.

రెండు రోజులు తిరగేశాక అర్థమైంది. ఎవరికి ఎంత డబ్బు ఇవ్వాలన్న ప్రశ్నకు ఈ డేటా తడుముకోకుండా జవాబు చెబుతుంది. రేపటికి ఎన్ని టోకెన్లు అంటే ఒక్క మాట చెప్పదు. ఎందుకంటే ఇది కాయ గేటు దాటిన క్షణం దగ్గర ఆగిపోతుంది. మా ఇరుకంతా గేటు దాటాకే.

తోతాపురి పచ్చిగా వస్తుంది. క్రేట్లలోకి ఎత్తి మాగబెట్టే షెడ్డులో పేర్చి ఎథిలీన్ వాయువు పెడతాం. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం 100 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్లు) దాకా పెట్టవచ్చు, కార్బైడు వాడటం నిషేధం. మా షెడ్డులో మామూలుగా నాలుగో రోజుకు కాయ తయారవుతుంది. అప్పుడు కడుగుడు, ఏరుడు, టెంక తీసే మిషను, గుజ్జు లైను. మా లైను గంటకు 5 టన్నుల లెక్కన, రోజుకు 20 గంటలు నడిస్తే 100 టన్నుల కాయ తీసుకుంటుంది. మాగిన కాయ ఒక రోజు ఆగుతుంది. రెండో రోజు నుంచి నలుపు తిరుగుతుంది.

అంటే ఈ రోజు ఇచ్చిన టోకెన్ ప్రభావం ఈ రోజు గేటు దగ్గర కనపడదు. ఐదారు రోజుల తర్వాత లైను దగ్గర కనపడుతుంది. అన్న చూస్తున్న గేటేమో పోయిన వారం తీసుకున్న నిర్ణయాన్ని చూపిస్తోంది. షెడ్డు నిండితే కాయ దించే చోటు ఉండదు, గేటు దగ్గర వరుస పెరుగుతుంది, దాన్ని చూసి టోకెన్లు తగ్గిస్తారు. నాలుగు రోజులకు లైను ఖాళీగా తిరుగుతుంది, అప్పుడు కంగారుపడి టోకెన్లు పెంచుతారు. 2025 జూన్ తేదీలు పక్కపక్కన పెట్టి గీస్తే అలలు లేచిపడుతున్నట్టే ఉంది. ఆ పెద్దాయన వచ్చింది అల శిఖరం మీదున్న రోజున.

ఆ గీత చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఎవరి తప్పూ లేదు. చూడాల్సింది ఒకచోట ఉంది, చూస్తున్నది ఇంకోచోట.

మే 16

ఒక బగ్. వేబ్రిడ్జికి రోజు అర్ధరాత్రి 12కు మారుతుంది. ఫ్యాక్టరీకి రోజు తెల్లారి 6కు, షిఫ్టు మారినప్పుడు మారుతుంది. రాత్రి ఒంటిగంటకు దిగిన కాయ వేబ్రిడ్జి లెక్కలో మంగళవారం, షెడ్డు పుస్తకంలో సోమవారం. రెండూ కలిపినప్పుడల్లా కొన్ని బండ్లు రెండుసార్లు పడుతున్నాయి, కొన్ని మాయమవుతున్నాయి. తేడా ఎక్కడుందో వెతకడానికి ఒకరోజంతా పోయింది. దిద్దడానికి పది నిమిషాలు పట్టింది. ఇకమీదట అన్నిటికీ రోజు అంటే 6 నుంచి 6.

మే 25

మొదటి రూపం సార్‌కు చూపించాను. ఊరి వారీగా, రకం వారీగా, రైతు వారీగా, గంట వారీగా, రంగుల గ్రాఫులతో 11 పేజీలు. రోజూ ఉదయం ప్రింటు తీసి బల్ల మీద పెట్టేలా చేశాను. సార్ మెచ్చుకున్నారు. మూడో రోజు నుంచి చివరి పేజీలో మొత్తం టన్నులు చూసి పక్కన పెడుతున్నారు. సూపర్‌వైజర్ అన్న మొదటి పేజీ కూడా తిప్పలేదు.

బాధేసింది. ఇంటికి పోయి ఎంసీఏ నోట్సు తీస్తే రస్సెల్ ఏకాఫ్ అనే మేనేజ్‌మెంట్ పండితుడి మాట దొరికింది. మేనేజర్లకు కావలసిన సమాచారం తక్కువైందని అందరూ అనుకుంటారు గానీ, వాళ్లకు అక్కర్లేని సమాచారం ఎక్కువైపోవడమే పెద్ద కష్టమని ఆయన 1967లోనే రాశాడు. నేను నా దగ్గర ఏం ఉందో అదంతా ఇచ్చాను. అన్నకు ఏం కావాలో అది ఇవ్వలేదు.

11 పేజీలు తీసేశాను.

జూన్ 2

ఈ రోజంతా మాగబెట్టే షెడ్డులో ఉన్నాను. ఇక్కడ ఇరవై సీజన్లుగా పనిచేస్తున్న ఒక పెద్దమ్మ ఉంది. క్రేట్ల వరుసల మధ్య నడుస్తూ అక్కడొక కాయ, ఇక్కడొక కాయ తీస్తుంది. తొడిమ పక్కన బొటనవేలితో ఒత్తుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటుంది, మళ్లీ ఎక్కడిది అక్కడ పెడుతుంది. ఒక వరుస దగ్గర ఆగి, "ఇది రేపటికి రాదు, ఎల్లుండికే" అంది. పక్క వరుస చూసి, "ఇది దోరకాయ వచ్చుండాది. రేపు పొద్దున్నే తియ్యకుంటే పాడైపోతాది" అంది.

రెండు వరుసలూ ఒకే రోజు వచ్చినవి. నా లెక్కలో రెండూ నాలుగో రోజుకే పండాలి.

వేబ్రిడ్జి చీటీలో రకం అని ఒక గడి ఉంది, పచ్చా దోరా అన్న గడి లేదు. చెట్టు మీద ఎక్కువ రోజులు ఉంచి కోసిన కాయ దోరగా వస్తే మా షెడ్డులో రెండో రోజుకే మాగుతుంది. పెద్దమ్మకు ఇది తెలుసు. షెడ్డులో అందరికీ తెలుసు. టోకెన్లు ఇచ్చే బల్ల దాకా మాత్రం ఈ మాట ఎప్పుడూ రాలేదు. ఎవరూ దాచలేదు, ఎవరూ అడగలేదు.

"పెద్దమ్మా, నువ్వు చూసింది నాకు రోజూ చెప్తావా?" అన్నాను. "నాకు రాసేదానికి రాదు తల్లీ" అంది. సుద్దముక్కలు తెప్పించాను. తెల్లగీత అంటే అనుకున్న రోజుకే వస్తుంది. ఎర్రగీత అంటే ముందే వస్తుంది. నీలిగీత అంటే ఆలస్యం. క్రేట్ల వరుస మొదట్లో ఆమె గీత గీస్తుంది. సాయంత్రం నేను తిరిగి లెక్కపెట్టుకుంటాను.

జూన్ 3

గీతలు లెక్కపెట్టడానికి గంటన్నర పట్టింది. ఎక్కువ వరుసల మీద తెల్లగీతే. అవి రాసుకోవడం దండగ.

ఇక్కడ నాకిష్టమైన ఒక పాత ఉదంతం పనికొచ్చింది. లండన్‌లో లయన్స్ అని టీ దుకాణాలు నడిపే కంపెనీ ఉండేది. వాళ్లు లియో అని సొంతంగా ఒక కంప్యూటరు కట్టుకుని 1951లోనే వ్యాపారపు లెక్కలకు వాడారు. తర్వాత టీ దుకాణాల ఆర్డర్లూ దాని మీదికి తెచ్చారు. ప్రతి దుకాణానికీ మామూలు ఆర్డరు ముందే కార్డుల్లో ఉండేది. దుకాణం చూసుకునే ఆవిడ రోజూ ఫోను చేసి మార్పులు మాత్రం చెబితే చాలు, ఏమీ మారకపోతే మామూలు సరుకే వచ్చేది. ఒక గదంత కంప్యూటరు పెట్టుకుని కూడా వాళ్లు మనిషి నోటి నుంచి అడిగింది ఆ నాలుగు ముక్కలే.

తెల్లగీత తీసేశాను. గీత లేకపోతే అనుకున్నట్టే ఉందని అర్థం. ఇప్పుడు లెక్క పావుగంటలో అయిపోతోంది.

జూన్ 9

బోర్డు పెట్టాం. కంప్యూటర్లో ఉండేది ఒక షీటు. వేబ్రిడ్జి నుంచి ఏ రోజు ఎంత కాయ వచ్చిందో తీసుకుంటుంది, చీటీలో కొత్తగా చేర్చిన పచ్చి, దోర గడిని చూసి పండే రోజుకు పంచుతుంది, పెద్దమ్మ ఎరుపు, నీలం గీతలతో దిద్దుతుంది. బయటికి వచ్చేది మూడు అంకెలే. టోకెన్ల బల్ల వెనుక నల్లబోర్డు మీద సుద్దతో రాస్తాను:

ఆ రోజుకు ఇప్పటికే పండేది. లైను తీసేది. రేపటికి టోకెన్లు.

ఆ రోజు అంటే రేపు వచ్చే పచ్చికాయ మాగే రోజు. ట్రాక్టరుకు సగటున 4 టన్నులు. షెడ్డు మామూలుగా ఉంటే 25 టోకెన్లు వస్తాయి.

స్క్రీను పెడదామని తమ్ముడు అన్నాడు. వద్దన్నాను. బోర్డు మీద సుద్దతో రాసిన అంకెను ఎవరైనా వచ్చి "ఇదెట్లా వచ్చింది?" అని అడుగుతారు. అలా అడగాలనే నా కోరిక.

జూన్ 14

మొన్న బోర్డు 18 అని చూపించింది. గేటు దగ్గర ఒక్క బండి లేదు. సూపర్‌వైజర్ అన్న 26 ఇస్తానన్నాడు. గేటు ఖాళీగా పెట్టుకుని 18 ఇవ్వడం ఆయనకు మింగుడు పడలేదు. నేను వాదించలేదు. షెడ్డులోకి తీసుకుపోయి ఎర్రగీతలు చూపించాను. దోరకాయ ఎక్కువ వచ్చింది, రేపటికీ ఎల్లుండికీ పండేది ఎక్కువ. లైను ఒక రోజులో తీయలేక మిగిలేది మర్నాటికి, అక్కడ మిగిలేది ఆ తర్వాతి రోజుకు జరుగుతూ పోతుంది. పెద్దమ్మ ఒక కాయ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఒత్తి చూసి, ఏమీ మాట్లాడకుండా బయటికి వచ్చి 18 ఇచ్చాడు.

ఈ సాయంత్రం నేను వెళ్లక ముందే బోర్డు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఈ పొద్దు అంకె ఎంతమ్మా?"

జూన్ 19

మూడు రోజులుగా ముసురు. షెడ్డు చల్లబడి కాయ మాగడం లేదు. నా లెక్క తప్పింది. లైను పూటంతా ఖాళీగా తిరిగింది, షెడ్డు మాత్రం నిండుగా ఉంది. పెద్దమ్మ నీలిగీతలు పెట్టింది గానీ వాటిని నేను ఒక రోజు ఆలస్యానికే లెక్క కట్టాను. షెడ్డులో మూడు చోట్ల థర్మామీటర్లు వేలాడదీశాను. ఉదయం, సాయంత్రం రాసుకుంటున్నాం. చల్లగా ఉన్న రోజుల్లో నీలిగీత అంటే రెండు రోజులు.

జూన్ 26

ఇది నిదానంగా రాయాలి.

నిన్న సాయంత్రం బోర్డు 17 అంది. ముసురు వల్ల ఆలస్యమై ఆ రోజుకు పండే కాయ 30 టన్నులు ముందే ఉంది. లైను 100. మిగిలిన చోటు 70, అంటే 17 బండ్లు. అంకె రాసి పక్కకు జరిగానో లేదో గాలివాన మొదలైంది. రాత్రి 8 గంటలకు ఫోన్లు. బంగారుపాళ్యం, ఐరాల వైపు తోటల్లో కాయ రాలిపోయింది. రేపే ఏరి తేకపోతే ఎందుకూ పనికిరాదు. టోకెన్లు ఇవ్వండని ఒకరి తర్వాత ఒకరు.

సార్ బోర్డు ముందుకు వచ్చి నిలబడ్డారు. "30 ఇస్తే ఏమవుతుంది?" అన్నారు.

షీటులో 17 తీసి 30 వేశాను. బోర్డు మీద రాశాను: పండేది 150, లైను 100, మిగులు 50.

హెర్బర్ట్ సైమన్ నిర్ణయాన్ని మూడు అడుగులుగా చెప్పాడు. ముందు సమస్యను కనిపెట్టడం, తర్వాత దారులు వెతకడం, ఆ తర్వాత ఒకటి ఎంచుకోవడం. సంస్థల్లో నిర్ణయాలు ఎలా జరుగుతాయో పరిశోధించినందుకు 1978లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. నా షీటు చూసింది మొదటి అడుగే. రెండో అడుగు నిన్న రాత్రి ఆ బోర్డు ముందు నలుగురు నిలబడి వేశారు. లైను ఇంకో గంట నడిపితే 5 టన్నులు, కడిగే టైము తగ్గిపోతుంది కాబట్టి వద్దన్నారు. షెడ్డు నిండిన మాట చెప్పి తిప్పి పంపితే రైతు నష్టపోతాడు. షెడ్డు ఖాళీగా ఉన్న ఇంకో ఫ్యాక్టరీకి 10 బండ్ల పచ్చికాయ అదే రాత్రి లారీల్లో పంపిస్తే 40 టన్నులు తగ్గుతుంది, లారీ బాడుగ మన మీద పడుతుంది. మిగిలిన 10 టన్నులు మాగాక ఒక రోజు ఆగుతాయి.

సార్ రెండు ఫోన్లు చేసి బాడుగ ఎంతో కనుక్కున్నారు. కాసేపు బోర్డునే చూశారు. "30 ఇవ్వండి" అన్నారు.

బోర్డు 17 అన్నది, ఆయన 30 అన్నారు. నాకేమీ చిన్నతనం అనిపించలేదు. 2025లో కూడా ఎక్కువ టోకెన్లే ఇచ్చాం, కానీ ఏం జరుగుతుందో తెలియకుండా ఇచ్చాం. నిన్న రాత్రి మిగులు 50 టన్నులని తెలిసి, దానికి దారి చూసుకుని, బాడుగ భరించి ఇచ్చాం. ఈ రోజు గేటు దగ్గర ఏ బండీ నాలుగు గంటలకు మించి నిలబడలేదు.

జూలై 1

ఆ కాయ నాలుగో రోజు వరకు ఆగలేదు. రాలినప్పుడు దెబ్బ తగిలిన కాయ మూడో రోజుకే మాగింది. దెబ్బ తిన్న కాయ తనంతట తానే ఎథిలీన్ వదులుతుంది, దాంతో పక్క కాయలూ తొందరపడతాయి. సుమారు 20 టన్నులు ఒక రోజు ముందే వచ్చి పడ్డాయి. ఎర్రగీతలతో వరుసలకు వరుసలు. పెద్దమ్మ ఉదయం 6కే ఫోను చేయించింది కాబట్టి లైను కడిగే టైము మధ్యాహ్నానికి జరిపి సర్దుకున్నాం. కొన్ని క్రేట్లు పారబోయక తప్పలేదు. నల్లగా మెత్తబడిన ఆ కాయను తోసేస్తుంటే చూడలేకపోయాను.

వేబ్రిడ్జి చీటీలో పచ్చి, దోర పక్కన ఇంకో గడి చేర్చాను: రాలిన కాయ. తమ్ముడికి చూపించి, బండి తూకానికి ఎక్కగానే రైతునే అడగమన్నాను, గాలికి రాలిందా, కోసుకొచ్చిందా అని. ఈ మధ్యాహ్నం గుడిపాల నుంచి వచ్చిన మొదటి బండి రైతు, తమ్ముడు అడగక ముందే చెప్పాడు: "సగం కోసింది, సగం ఏరింది సామీ." అలా చెబితే ఒక గడి చాలదు. సాయంత్రానికి రెండు గడులు చేశాను, ఎన్ని క్రేట్లు కోసినవి, ఎన్ని ఏరినవి అని.

ఈ పొద్దు బోర్డు మీద 22.